తొట్టిని తగిలించు కొక్కెము: చిన్నబండికి తగినదేది?

ధాన్యమును కళ్ళము నుండి మిల్లుకును, చెఱకును చేని నుండి కర్మాగారమునకును, గోగునారను చెఱువు గట్టు నుండి సంతకును చేర్చుటలో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల రైతులు ఇప్పుడు ఎద్దుబండి కంటె ట్రాక్టరును, చిన్న పికప్ బండిని ఎక్కువగా నమ్ముకొని యున్నారు. బండి కొనునపుడు ఇంజను ఎన్ని గుఱ్ఱముల బలము గలది, లీటరు నూనెకు ఎంత దూరము నడచును, నెలవాయిదా యెంత అని పదిమందిని అడుగుదుము. బండికిని తొట్టికిని నడుమ నుండు ఇనుపముక్కను గూర్చి మాత్రము ఎవరును అడుగరు. వెల్డింగు షాపువాడు ఏది అతికించి యిచ్చిన అదే చాలుననుకొందుము. ఆ ముక్కనే వాడుకలో హిచ్ అనియు, హుక్కు అనియు పిలుచుచున్నారు. ఈ వ్యాసమున దానిని కొక్కెమని వ్రాయుచున్నాను.

ఇటీవల కొందఱు సభ్యులు ఒక ప్రశ్న అడుగుచున్నారు. జాతీయ రహదారిపై పోవు పెద్ద ట్రెయిలరు లారీలకు వెనుక నుండు ‘ఐదవ చక్రము’ వంటి కొక్కెమును చిన్న పికప్ బండికి బిగించుకొన్నచో, ఒక్క తడవలో రెండింతలు సరకు తోలవచ్చును గదా అని వారి ఆలోచన. ఈ ప్రశ్న తప్పుపట్టదగినది కాదు. అయితే దీనికి జవాబు చెప్పుటకు ముందు ఒక సంగతి గ్రహింపవలెను. కొక్కెము ఎంత బరువును లాగగలదన్నది రెండవ మాట. తొట్టి ముందుభాగపు బరువు కొక్కెము ద్వారా లాగు బండిలో ఏ యిరుసుమీద పడుచున్నదన్నది మొదటి మాట. ఈ మొదటి మాట మఱచినవారు ధనమునే గాక ప్రాణమును సైతము పోగొట్టుకొనుచున్నారు.

ఎద్దుబండి నేర్పిన పాఠము

రెండు చక్రముల ఎద్దుబండిని తోలినవానికి ఈ శాస్త్రము క్రొత్త కాదు. బస్తాలను ముందునకు ఎక్కువగా వేసినచో కాడి ఎద్దుల మెడలను నొక్కును. అవి కొంత దూరము పోవక మునుపే రొప్పును. వెనుకకు ఎక్కువగా వేసినచో నొగ పైకి లేచి, మెడత్రాళ్ళు ఎద్దుల గొంతులకు బిగియును. కావున తెలిసిన బండివాడు బస్తాలు సర్దిన పిదప నొగను చేతితో ఎత్తి చూచి, ముందునకు కొద్దిపాటి బరువు మాత్రమే ఉన్నదని తెలిసికొని ఎద్దులను కాడికి కట్టును.

ట్రాక్టరు తొట్టి కూడ ఇట్టిదే. తొట్టికి ముందు త్రికోణముగ సాగియున్న కొన దానికి నొగ. కాడి యుండవలసిన చోట కొక్కెమున్నది. ఎద్దుల మెడకు బదులు ట్రాక్టరు వెనుక యిరుసు ఆ బరువును మోయుచున్నది. భేదము ఒక్కటే. మెడ నొచ్చిన ఎద్దు నిలిచిపోవును. ఇంజనుకు నొప్పి తెలియదు. అది విఱుగువఱకో, బండి తలక్రిందగువఱకో లాగుచునే యుండును.

ఐదవ చక్రమనగా నేమి?

పూర్వము నాలుగు చక్రముల గుఱ్ఱపుబండ్లలో ముందరి యిరుసు మలుపు తిరుగుటకై, బండి పెట్టెకును ఇరుసునకును నడుమ ఒక ఇనుప వలయమును పడుకొనబెట్టి అమర్చెడివారు. నాలుగు చక్రములు నేలమీద దొర్లుచుండగా ఇది అడ్డముగ తిరుగుచుండుటచే దానికి ఐదవ చక్రమను పేరు కలిగెను. మన యూళ్ళలో నాలుగు చక్రముల ట్రాక్టరు తొట్టిని వాడువారు దాని ముందరి యిరుసుమీద ఇట్టి తిరుగుడు వలయమును ఇప్పటికిని చూడవచ్చును.

మోటారు బండ్లు వచ్చిన పిమ్మట 1914లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ఆగస్టు ఫ్రూహాఫ్ అను కమ్మరి, ఒక కలప వర్తకుని పడవను తీసికొనిపోవుటకై, ఫోర్డు మోడల్ టి కారు వెనుక తగిలించు రెండు చక్రముల తొట్టిని చేసెను. ఆ తొట్టికి ముందు చక్రములు లేవు. దాని ముందరి బరువు లాగు బండిమీదనే ఆనెడిది. అట్టి తొట్టికి సెమీ ట్రెయిలరను పేరు స్థిరపడినది. ఆ రీతి తొట్టిని లాగు బండిపై మోపుటకు పాత గుఱ్ఱపుబండి వలయమే రూపు మార్చుకొని వచ్చి, నేటి ఐదవ చక్రపు కొక్కెమైనది.

ఇచ్ఛాపురము, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళము, రణస్థలముల మీదుగ సాగు 16వ జాతీయ రహదారిపై గాని, విజయనగరము నుండి సాలూరు మీదుగ ఒడిషా కొండలకు ఎక్కు 26వ జాతీయ రహదారిపై గాని నిలిచి చూచినచో ఇది కనబడును. ట్రెయిలరు విప్పిన లారీ వెనుక యిరుసులపైన, గ్రీజు పూసిన పెద్ద ఇనుప పళ్ళెమొకటి యుండును. దాని వెనుక అంచున లోనికి పోవు చీలిక యుండును. ట్రెయిలరు అడుగున క్రిందికి దిగియున్న లావైన ఉక్కు చీలను కింగ్‌పిన్ను అందురు. లారీ వెనుకకు నడచినపుడు ఆ చీల చీలికలో దూరగా, లోపలి దవడలు మూసికొని దానిని పట్టును. పెద్ద ట్రెయిలర్ల కింగ్‌పిన్నులు సాధారణముగ 50 మి.మీ., 90 మి.మీ. అను రెండు కొలతలలో నుండును. లారీలకు పేరుపొందిన సాలూరులో ఏ మెకానిక్కు నడిగినను ఈ పళ్ళెమును విప్పి చూపగలడు.

ఈ కొక్కెము బలమంతయు అది యున్న చోటునుండి వచ్చుచున్నది. అది వెనుక యిరుసునకు సరిగా పైన గాని కొంచెము ముందుగ గాని యుండును. అందుచే ట్రెయిలరు ముందరి బరువు లారీ ముందు చక్రములను లేవనెత్తదు. స్టీరింగు పట్టు తప్పదు.

లెక్క వేసి చూచు విధము

ఒక తొట్టి ఖాళీ బరువు 1,200 కిలోలనుకొందము. అందు 80 కిలోల ధాన్యపు బస్తాలు 35 వేసినచో 2,800 కిలోలు; మొత్తము 4,000 కిలోలు. తొట్టి యిరుసునకును కొక్కెమునకును నడుమ దూరము 300 సెం.మీ. మొత్తము బరువు యొక్క నడిమి స్థానము ఇరుసుకు 30 సెం.మీ. ముందున్నదనుకొందము. 4,000ను 30తో హెచ్చవేసి 300తో భాగించినచో 400 వచ్చును. ఆ 400 కిలోలు కొక్కెముమీద పడు బరువు. అనగా మొత్తములో పదవ వంతు.

అవే బస్తాలను ముందునకు నెట్టి, నడిమి స్థానము ఇరుసుకు 45 సెం.మీ. ముందగునట్లు చేసినచో కొక్కెముమీద 600 కిలోలు పడును. వెనుకకు నెట్టి, ఇరుసుకు 15 సెం.మీ. వెనుకనగునట్లు చేసినచో కొక్కెము 200 కిలోల బలముతో పైకి ఎత్తబడును. అప్పుడు ట్రాక్టరు వెనుక చక్రములు నేలమీద పట్టు విడుచును. కొంచెము వేగము పుంజుకొన్నచో తొట్టి పాము తోకవలె అటునిటు ఊగును. ఒక్క బస్తా అయినను హెచ్చింపక, ఉన్నవాటిని జరిపినంతమాత్రముననే ఇంత భేదము కలుగును.

ఇప్పుడు ఆ 400 కిలోలు ట్రాక్టరును ఏమి చేయునో చూతము. చిన్న ట్రాక్టరు బరువు 1,750 కిలోలు. అందు 700 ముందు చక్రములమీద, 1,050 వెనుక చక్రములమీద నున్నవనుకొందము. రెండు యిరుసుల నడుమ 190 సెం.మీ.; కొక్కెము వెనుక యిరుసుకు 75 సెం.మీ. వెనుకగ నున్నది. ఏతమును ఒక కొనను త్రొక్కిన రెండవ కొన లేచునట్లు, కొక్కెముమీద పడిన బరువు వెనుక యిరుసును ఆనికగా చేసికొని ముందు చక్రములను లేపును. 400ను 75తో హెచ్చవేసి 190తో భాగించినచో సుమారు 158. అనగా ముందు చక్రములమీద 700 కిలోలకు బదులు 542 మిగులును. వెనుక చక్రములమీద 558 కిలోలు అదనముగ పడును.

ఇది బండి నిలిచియున్నపుడు. బురదనేలలో ఆ తొట్టిని కదలించుటకు 600 కిలోల లాగుడు కావలసినదనుకొందము. కొక్కెము నేలకు 50 సెం.మీ. ఎత్తున నున్నచో, ఆ లాగుడు వలన ముందు చక్రముల బరువు మఱి 158 కిలోలు తగ్గి 384 అగును. అదే కొక్కెమును 90 సెం.మీ. ఎత్తున బిగించినచో 284 కిలోలు తగ్గి, 258 మాత్రమే మిగులును. ట్రాక్టరు మొత్తము బరువులో కనీసము ఐదవ వంతు ముందు చక్రములమీద నిలువవలెననునది ఇంజనీర్ల నియమము. 1,750లో ఐదవ వంతు 350. క్రింద తగిలించిన బండి నియమమునకు లోబడి నడచును. పైన తగిలించిన బండి స్టీరింగు త్రిప్పినను తిరుగదు. ఇంజను ఒకటే, తొట్టి ఒకటే, బస్తాలు అవే.

వెనుక చక్రములు బురదలో దిగబడినపుడు ప్రమాదము మఱియు హెచ్చు. చక్రములు తిరుగక బిగిసియుండగా క్లచ్చిని ఒక్కసారిగ వదలినచో, ఇంజను బలము ట్రాక్టరు మొండెమునే వెనుక యిరుసు చుట్టు పైకి త్రిప్పును. రెండు మూడు క్షణములలో ట్రాక్టరు వెల్లకిల పడి తోలువానిని నొక్కివేయును. దూకుటకు వ్యవధి యుండదు. కొక్కెము తక్కువ ఎత్తున నున్నచో, ముందుభాగము లేచిన కొలది కొక్కెము క్రిందికి దిగి ఎత్తు బలము తగ్గును. ఇరుసు నడిమి కంటె పైన తగిలించిన గొలుసుకు గాని కొక్కెమునకు గాని ఈ గుణము లేదు. నాగలి తగిలించు మూడు చేతులలో పైచేతిని, అనగా టాప్‌లింకు బిగించు చోటును, తొట్టి లాగుటకు ఎన్నడును వాడరాదనుట ఇందువలననే.

పికప్ బండి మాట

ఇక సభ్యులు అడిగిన ప్రశ్నకు వత్తము. 2005లో టాటా ఏస్ వచ్చినది మొదలు చిన్న సరకుబండ్లు పల్లెలకు చేరినవి. మొదటి ఏస్ ఇంజను రెండు సిలిండర్లది, 16 గుఱ్ఱముల బలము గలది. అది మోయు బరువు ముప్పాతిక టన్ను. తరువాత వచ్చిన పికప్ బండ్లు ఇంతకంటె పెద్దవి. అయినను ఇవన్నియు తమ పెట్టెలో సరకు మోయుటకు చేసిన బండ్లు. అమెరికాలో పశువులను, ఎండుగడ్డిని తోలు తొట్లను ఐదవ చక్రముతో లాగు పికప్ బండ్లు వేఱు. వాటి చట్రము, ఇరుసు, బ్రేకులు ఆ పనికై లావుగ చేయబడినవి. అక్కడి లెక్క ప్రకారము బంతి కొక్కెముతో లాగు తొట్టి బరువులో 10 నుండి 15 పాళ్ళు లాగు బండిమీద పడవలెను. ఐదవ చక్రముతో నైనచో 15 నుండి 25 పాళ్ళు పడును. బంతి కొక్కెము బండి తోకవద్ద బిగింపబడును గనుక తక్కువ బరువుకే తగును. ఐదవ చక్రము ఎక్కువ బరువును కుదురుగ మోయును. అయితే ఆ బరువంతయు బండి మోయు బరువులోనే లెక్కకు వచ్చును. ఇచ్చటనే చాలమంది పొరబడుచున్నారు.

ఒక పికప్ బండి రిజిస్ట్రేషను కాగితములో ఖాళీ బరువు 1,700 కిలోలు, సరకుతో కూడ మొత్తము బరువు 2,800 కిలోలు అని యున్నదనుకొందము. రెంటి భేదము 1,100. అదియే బండి మోయగల బరువు. దానికి 4,000 కిలోల తొట్టిని ఐదవ చక్రముతో తగిలించినచో, ఐదవ వంతు చొప్పున 800 కిలోలు బండి పెట్టెమీద పడును. కొక్కెపు పళ్ళెము, దాని చట్రము 80 కిలోలు; డ్రైవరు, తోడివాడు 130 కిలోలు. మొత్తము 1,010. ఇక మిగిలినది 90 కిలోలు. ఒక్క బస్తాకు మాత్రమే చోటు. పెట్టెలో కొక్కెము కూర్చున్నందున ఆ బస్తాను వేయుటకును వీలు చిక్కదు. రెండింతలు తోలవలెనను ఆశ ఇచ్చటనే సగము తీరిపోవును.

మిగిలిన సగము బ్రేకులవద్ద తీరును. తనకు బ్రేకులు లేని 4,000 కిలోల తొట్టి వాలులో దిగునపుడు 1,700 కిలోల బండిని వెనుకనుండి నెట్టును. పికప్ బండి బ్రేకులు తన 2,800 కిలోలను నిలుపుటకు చేసినవి. ఆ పయిన వచ్చిన తొట్టి బరువును నిలుపుట వాటి శక్యము గాదు.

మూడవది మలుపు. తొట్టి వెడల్పు 200 సెం.మీ., దాని ముందు అంచుకు 60 సెం.మీ. వెనుకగ కింగ్‌పిన్ను ఉన్నదనుకొన్నచో, కింగ్‌పిన్ను నుండి తొట్టి మూలకు దూరము సుమారు 117 సెం.మీ. మలుపులో ఆ మూల అర్ధచంద్రాకారముగ తిరుగును. కావున కొక్కెమునకును క్యాబిను వెనుక గోడకును నడుమ 117 సెం.మీ.కు పైగా ఖాళీ యుండవలెను. చిన్న పికప్పులలో వెనుక యిరుసు క్యాబినుకు దగ్గఱగ నుండును. ఇరుసుపైననే కొక్కెమును బిగించినచో మొదటి ఇఱుకు మలుపులోనే తొట్టి మూల క్యాబిను అద్దమును పగులగొట్టును. ఖాళీ కొఱకు కొక్కెమును వెనుకకు జరిపినచో ఐదవ చక్రమువలని లాభమే పోయి, ముందు చక్రములు తేలిపోవును. జరుగుడు పట్టాలుగల కొక్కెములు అమెరికాలో కలవు; నెమ్మదిగ తిరుగునపుడు అవి వెనుకకు జరిగి, తిరిగి స్వస్థానమునకు వచ్చును. అవి మఱింత బరువైనవి, మఱింత ఖరీదైనవి.

ఇవియన్నియు గాక చట్టమొకటి గలదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నముగ బండిని మార్చుటను నిషేధించుచున్నది. వెల్డింగు షాపులో చట్రమునకు రంధ్రములు వేసి కొక్కెము బిగించిన బండికి ప్రమాదము జరిగినచో, బీమా పరిహారమును గూర్చి చిక్కులు కలుగును. కావున జవాబు ఇది: తయారీదారు ఈ బండి ఇంత బరువు తొట్టిని లాగవచ్చునని వ్రాతపూర్వకముగ తెలిపినచోట తప్ప, పికప్ బండికి ఏ కొక్కెమును బిగింపకుడు. సరకు ఎక్కువైనచో రెండు తడవలు తోలుట చౌక. లేదా ట్రాక్టరును పిలుచుట మేలు.

ట్రాక్టరుకు ఏది తగును?

లాగుటకే పుట్టిన బండి ట్రాక్టరు. అయినను దాని వెనుక నాలుగైదు చోట్ల చీల దూర్చుటకు వీలుండును. అందు అన్నియు తొట్టికి తగినవి కావు.

మొదటిది, ట్రాక్టరు అడుగున స్థిరముగ నుండు డ్రాబారు, లేదా తయారీదారు అమర్చిన తొట్టి కొక్కెము. ఇది వెనుక యిరుసు నడిమికి క్రిందుగ నుండును. తొట్టికి ఇదియే సరియైన చోటు. రెండవది, పక్కలకు ఊగు డ్రాబారు. నాగళ్ళు, దంతెలు లాగునపుడు ఇది మలుపులకు అనుకూలము. తొట్టి తగిలించినపుడు మాత్రము దాని ఊగుడును చీలలతో బంధింపవలెను. మూడవది, హైడ్రాలిక్ క్రింది చేతుల నడుమ బిగించు రంధ్రముల అడ్డపట్టీ. ఇది తేలిక పనిముట్లకు ఉద్దేశింపబడినది. చేతులు లేచినపుడు కొక్కెపు ఎత్తు కూడ మారిపోవును గనుక బరువైన తొట్టికి తగదు. టాప్‌లింకు చోటును గూర్చి ఇదివఱకే చెప్పితిని.

కొక్కెపు ఆకారములో, తొట్టి నొగ కంటిని పైనను క్రిందను రెండు పలకలు పట్టి, నడుమ చీల దిగు జోడుపలకల కొక్కెము శ్రేష్ఠము. ఒకే పలకలో నిలిచిన చీల ఒకవైపున మాత్రమే ఆధారము గలది గనుక వంగును.

రెండు చక్రముల తొట్టియా, నాలుగు చక్రముల తొట్టియా అని కొందఱు సందేహింతురు. రెండు చక్రముల తొట్టి కొంత బరువును ట్రాక్టరుమీద మోపుటచే బురదలో వెనుక చక్రములకు పట్టు కలిగించును. వెనుకకు నడుపుట సులభము. నాలుగు చక్రముల తొట్టి కొక్కెముమీద బరువు మోపదు. బరువు ఎక్కువైనను ట్రాక్టరు ముందు లేవదు. అయితే ముందరి వలయము తిరుగుటచే దానిని వెనుకకు నడుపుటకు ఎక్కువ నేర్పు కావలెను. పొలము గట్లు, కళ్ళములు ఇఱుకుగనున్న మన పల్లపు భూములకు చిన్న ట్రాక్టరుతో మొదటిది చాలును. చెఱకును దూరపు కర్మాగారమునకు తోలువారికి, ట్రాక్టరు బరువైనదైనచో, రెండవది తగును.

పవర్ టిల్లరుతో చిన్న తొట్టిని లాగువారు ఒక విషయము మఱువరాదు. సమతలమున ఎడమ స్టీరింగు క్లచ్చి నొక్కినచో బండి ఎడమకు తిరుగును. వాలు దిగునపుడు తొట్టి వెనుకనుండి నెట్టుచుండుటచే అదే క్లచ్చి నొక్కిన బండి కుడికి తిరుగును. ఈ సంగతి తెలియనివాడు చెఱువు గట్టు దిగునపుడు గట్టు వైపు పోవలెనని నొక్కి నీటివైపు పోవును. వాలులో క్లచ్చిలు ముట్టక, చేతులతో హాండిలును త్రిప్పుచు, తక్కువ గేరులో దిగవలెను.

కొనునపుడును తగిలించునపుడును చూడవలసినవి

1. చీల ఉక్కుది కావలెను, రంధ్రమునకు సరిపోవలెను. ఇండ్ల కప్పులకు వాడు ఇనుపకడ్డీని నఱికి చీలగ దూర్చుట ప్రాణాపాయకరము.

2. అరిగిన చీలను మార్పవలెను. 30 మి.మీ. చీల 27కు అరిగినచో కంటికి మూడు మి.మీ. తేడాయే, వంపును తాళు శక్తి మాత్రము నూటికి 27 పాళ్ళు తగ్గును. 25కు అరిగినచో 42 పాళ్ళు తగ్గును.

3. ఎద్దుబండి ఇరుసుకు కడచీల యున్నట్లు, కొక్కెపు చీలకు క్రింద లాకుపిన్ను ఉండవలెను. గతుకులలో చీల పైకెగిరి ఊడిపోవుట దీనివలననే నిలుచును. తీగ చుట్టుట చాలదు.

4. నొగ క్రింద రెండు గొలుసులను అడ్డముగ కలిపి ట్రాక్టరుకు తగిలింపవలెను. చీల విఱిగినను నొగ నేలను పొడువక ఆ గొలుసుల ఉయ్యెలలో నిలుచును.

5. తొట్టిని తగిలించునపుడు ట్రాక్టరుకును తొట్టికిని నడుమ మనిషి నిలువరాదు. తొట్టి నొగను జాకీమీద సరియైన ఎత్తున నిలిపి, ట్రాక్టరు పూర్తిగ ఆగిన పిదపనే చీల దూర్పవలెను.

6. నడుచు బండిలో డ్రాబారుమీద, నొగమీద ఎవరిని కూర్చుండనీయరాదు. బస్తాలమీద కూలీలను, జాతరలకు తొట్టినిండ జనమును ఎక్కించుట చట్టవిరుద్ధము. కొక్కెము ఊడిన తొట్టికి బ్రేకు లేదు, స్టీరింగు లేదు. అందులోని వారికి దిక్కు లేదు.

7. గడ్డి, గోగు, చెఱకు వంటి ఎత్తుగ పేర్చు సరకు మలుపులో ఒకవైపునకు ఒఱగును. దానిని తక్కువ ఎత్తున పేర్చి, బరువైన మోపులను అడుగున, ఇరుసుకు కొంచెము ముందుగ వేయవలెను. రాత్రి తోలువారు తొట్టి వెనుక ఎఱ్ఱదీపములు, మెఱయు పట్టీలు లేక రహదారి ఎక్కరాదు.

కాటామీద పరీక్ష

ఇంతవఱకు చెప్పిన లెక్కలలోని కొలతలు ఉదాహరణలు. ఎవరి బండి కొలతలు వారివే. వానిని తెలిసికొనుటకు సులువైన మార్గమొకటి గలదు. మిల్లువద్ద గాని కర్మాగారమువద్ద గాని ఉన్న కాటామీదికి తొట్టి విప్పిన ట్రాక్టరును మొదట పూర్తిగ ఎక్కించి, మొత్తము బరువు వ్రాసికొనవలెను. తరువాత నిండు తొట్టిని తగిలించి, ట్రాక్టరు ముందు చక్రములు మాత్రమే కాటామీద నిలుచునట్లు ఆపి బరువు చూడవలెను. ఆ రెండవ అంకె మొదటిదానిలో ఐదవ వంతుకు తగ్గకుండవలెను. ఇది నిలిచియున్న బండి లెక్క. బురదలో లాగునపుడు ఇంకను తగ్గును గనుక నాలుగవ వంతుకు మించి యుండుట క్షేమము. చాలనిచో బస్తాలను కొంచెము వెనుకకు సర్దవలెను. లేదా తయారీదారు అనుమతించిన ఇనుప దిమ్మెలను ట్రాక్టరు ముందు తగిలింపవలెను. ఇందుకు పట్టునది కాటా రుసుము, పావుగంట కాలము.

సంఘములు చేయదగిన పని

ఒక యూరిలో పది ట్రాక్టర్లు, పది తొట్లు ఉన్నచో పదివిధముల చీలలు కనబడుచున్నవి. ఒకరి తొట్టిని మఱియొకరు ఎరువు తెచ్చికొనినపుడు సన్నచీలను పెద్ద రంధ్రములో దూర్చి నడుపుచున్నారు. సహకార సంఘము తలచుకొన్నచో దీనిని సులభముగ సరిదిద్దవచ్చును. సభ్యుల కొక్కెములను కొలిచి, ఊరంతటికి ఒకే కొలత చీల నిర్ణయించి, లాకుపిన్నులతోను గొలుసులతోను కొన్ని జోడులు సంఘపు గిడ్డంగిలో ఉంచి వెలకే ఇవ్వవచ్చును. తొట్టి కొనుటకు ఋణము కోరు సభ్యుని వద్ద ట్రాక్టరు రిజిస్ట్రేషను కాగితము, తొట్టి బరువు, కొక్కెము బిగించు చోటు మూడును అడిగి చూచిన పిదపనే సిఫారసు చేయవచ్చును. బోల్తాపడిన ట్రాక్టరుపై ఋణము ఇంటివారిమీదనే నిలుచునన్న సంగతి సంఘపు లెక్కలు చూచువారు నాకంటె బాగుగ ఎఱుగుదురు.

ఖరీఫు ధాన్యము కోతలు కార్తిక మార్గశిర మాసములలో సాగును. ఆ వెంటనే తోలకము మొదలగును. దానికి ముందే ప్రతి సభ్యుడును తన కొక్కెపు చీలను ఊడదీసి, తుడిచి, కొలిచి చూచికొనవలెనని కోరుచున్నాను. అరిగినదానిని ఆనాడే మార్పుడు. సంక్రాంతికి ధాన్యమును, ధాన్యము తోలిన మనిషియు ఇద్దఱును క్షేమముగ ఇల్లు చేరవలెను.